ఇంట్లో వచ్చిన పోర్షన్ రిహార్సల్లో ఒకే చోట పోతుంటే

లక్షణం

నాటకంలో మీ పోర్షన్, అంటే మీ పాత్ర డైలాగులు, మొత్తం కంఠతా వచ్చింది. ఇంట్లో ఎప్పుడు చెప్పుకున్నా తడుముకోకుండా వస్తుంది. తీరా రిహార్సల్లో ఎదుటి పాత్రధారి మాట ముగించి మీ వైపు చూసేసరికి ఒక డైలాగు దగ్గర నోరు ఆగిపోతుంది. పక్కన కూర్చుని డైలాగులు అందించే ప్రాంప్టర్ మొదటి రెండు మాటలు చెప్పగానే మిగతాదంతా ధారగా వచ్చేస్తుంది. మర్నాడు సరిగ్గా అదే చోట మళ్ళీ ఆగుతుంది. ఇందులో పట్టించుకోవలసిన ముక్క ‘అదే చోట’ అన్నది. రోజుకొక చోట పోతుంటే పోర్షన్ ఇంకా రాలేదని అర్థం. అప్పుడు కూర్చుని నాటక ప్రతిని చదువుకోవడం తప్ప వేరే దారి లేదు.

ముందు చూడవలసినది

ఈ దశలో దాదాపు అందరూ చేసే పని ఆ డైలాగునే మళ్ళీ మళ్ళీ వల్లె వేయడం. ఇంట్లో చక్కగా వస్తున్న డైలాగును ఇంట్లోనే ఇంకా వల్లె వేస్తే ఒరిగేదేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర నిమిషం పట్టే పరీక్ష ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ చేయరు. ప్రతిని మరొకరి చేతికిచ్చి, రంగాల వరుసతో నిమిత్తం లేకుండా ఎదుటి పాత్ర వాక్యాలలో ఏదో ఒకటి చదవమనండి. ఆ క్యూ, అంటే మీ డైలాగుకు ముందు వచ్చే ఎదుటివారి మాట, వినగానే మీ డైలాగు రావాలి. రాకపోతే, మీరు దాన్ని మీ ముందరి డైలాగుకు తగిలించి నేర్చుకున్నారే తప్ప క్యూకు తగిలించలేదన్న మాట. తన డైలాగులకు రంగు పూసుకొని మధ్యలోవాటిని కళ్ళతో దాటేసేవారికి జరిగేది ఇదే.

16వ శతాబ్దం చివర ఇంగ్లండులో నటుడి చేతికి నాటకం మొత్తం ఇచ్చేవారు కారు. అతని డైలాగులు, ఒక్కొక్కదానికి ముందు ఎదుటివారి చివరి మాటలు కొన్ని మాత్రమే రాసిన కాగితపు చుట్ట ఇచ్చేవారు. ఆ కాలపు ప్రసిద్ధ నటుడు ఎడ్వర్డ్ ఆలిన్ కోసం రాసిన అటువంటి చుట్ట లండన్‌లోని డల్విచ్ కళాశాలలో నేటికీ ఉంది. ఆ నటులకు క్యూ తప్ప వేరే ఆధారం లేదు గనుక దాన్ని గట్టిగా పట్టుకున్నారు; ప్రతి మొత్తం దగ్గరున్న మనం దాన్నే వదిలేస్తున్నాం. మందు తేలికైనదే. ఎదుటివారి డైలాగులను బిగ్గరగా చదివి ఫోనులో రికార్డు చేసి, మీ డైలాగుకు సరిపడా ఖాళీ వదిలి, వింటూ జవాబు చెప్పండి. చివరి మాట ఒక్కటే కాకుండా వాక్యమంతా రికార్డు చేయాలి, ఎందుకంటే ఎదుటి నటుడు ఏదో ఒక రోజు ఆ చివరి మాటను మార్చి తీరతాడు.

అంత సులువుగా దొరకని కారణం

క్యూ పరీక్షలో తడబాటు లేకుండా నెగ్గి కూడా రిహార్సల్లో అదే చోట ఆగుతుంటే మాటల్లో వెతకడం మానేయాలి. ఆ డైలాగును మీ జ్ఞాపకం ఒక కదలికకో, చప్పుడుకో, వస్తువుకో కట్టి ఉంచుకుంది. ఇప్పుడు ఆ కట్టుకొయ్య అక్కడ లేదు. హెల్గా నోయిస్, టోనీ నోయిస్ నటుల జ్ఞాపకశక్తిపై చేసిన పరిశోధనల్లో, కదలకుండా చెప్పిన డైలాగుల కంటే కదులుతూ చెప్పినవి నటులకు మెరుగ్గా గుర్తుండడం, ప్రదర్శనలు ముగిసిన కొన్ని నెలల తర్వాత కూడా ఆ తేడా నిలవడం కనిపించింది. నటుడికి ఇది వరమే. అయితే కదలికతో బిగిసిన డైలాగు ఆ కదలిక మారిన రోజున వదులవుతుందని రిహార్సల్ గది నేర్పుతుంది.

దర్శకుడు మీ కదలికనే మారిస్తే మీ ప్రతిలో పక్కన రాసుకుంటారు కాబట్టి కారణం తొందరగానే తెలుస్తుంది. అసలు చిక్కు ఎదుటివారి కదలిక మారినప్పుడు వస్తుంది, ఎందుకంటే దాన్ని మీ ప్రతిలో ఎవరూ రాయరు. నేను తండ్రి వేషం వేసిన ఒక నాటకంలో, కొడుకు పాత్రధారి కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టి టప్పున మూసిన తర్వాత నా డైలాగు ఉండేది. అద్దాలు లైట్లకు మెరుస్తున్నాయని దర్శకుడు కళ్ళజోడు తీసేయించారు. ఆ సాయంత్రం నుంచి నా డైలాగు పోయింది. క్యూ మాటలు అక్షరం మారలేదు, నేను నిలబడిన చోటు మారలేదు; ఆ చిన్న చప్పుడు ఒక్కటే లేదు. మాట ముగిశాక నా చెవి ఆ చప్పుడు కోసం కాచుకొని ఉందని, అది రాక నోరు తెరుచుకోవడం లేదని ప్రాంప్టర్‌గా కూర్చున్న అమ్మాయి చెబితే గానీ తెలియలేదు.

కాబట్టి డైలాగు పోయిన చోటికి ముందు పది పదిహేను క్షణాలను తవ్వండి. మొదటిసారి ఎప్పుడు పోయిందో గుర్తు చేసుకొని, ఆ రోజు రిహార్సల్లో కొత్తగా వచ్చిందేమిటి, తీసేసిందేమిటి అని ప్రాంప్టర్‌ను అడగండి. నటుల కంటే వారికే ఎక్కువ తెలుస్తుంది. కుర్చీ జరిగిందా, ఎదుటివారు ఇదివరకు మీవైపు తిరిగి చెప్పిన మాటను ఇప్పుడు వింగ్ (రంగస్థలం పక్క భాగం) వైపు చూస్తూ చెబుతున్నారా, ఆ రోజు ఎవరైనా రాక బదులు మనిషి చదివారా అన్నవి చూడాలి.

మారినదేదో దొరికాక పాతదాన్ని తిరిగి పెట్టమని దర్శకుణ్ణి బతిమాలవద్దు. కొత్త ఆధారాన్ని ఎదుటి పాత్ర మాటల లోపల వెతుక్కోవాలి: ఆ డైలాగులో ఏ మాట వినగానే మీ పాత్రకు బదులివ్వాలనిపిస్తుందో గుర్తించండి. అది తరచుగా చివరి మాట కాదు, వాక్యం మధ్యలోనే ఉంటుంది. నోరు విప్పాలన్న తొందర అక్కడే పుట్టి, వంతు వచ్చేదాకా ఆగుతుంది. తర్వాత ఆ చోటికి మూడు డైలాగుల ముందు నుంచి రెండు డైలాగుల తర్వాత దాకా మాత్రమే, కొత్త కదలికలతో నెమ్మదిగా చేయండి. ఆపైన అదే ముక్కను ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఏ కదలికా లేకుండా వేగంగా చెప్పుకోండి. రెండు విధాలా వచ్చిందంటే ఇక పోదు.

అరుదైనవి

ఒకే రకం క్యూ రెండు రంగాల్లో ఉంటే ఒకదాని జవాబు రెండోదానికి వచ్చి పేజీలు దాటిపోతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న మాటను పట్టుకుంటే సరిపోతుంది. నిద్ర చాలకపోవడం, భయం అంటూ చెప్పేవి నిజమే కావచ్చు, కానీ అవి ఒకే చోటును ఎంచుకోవు. ఇవేవీ కాకపోతే ప్రతిలో కోతలు చూడండి. నిడివి తగ్గించినప్పుడు మీ డైలాగు ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్నే ఎగిరిపోయి ఉండవచ్చు. అప్పుడు సరిచేయవలసింది ప్రతిని, అది దర్శకుడి పని.