రక్తంలో కాల్షియం, 4వ పాఠం: కూల్చమనే కబురు కట్టేవాడికే

గత పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ కనిపించింది: "పీటీహెచ్ ఆస్టియోక్లాస్టుకు అతుక్కుని ఎముకను కరిగిస్తుంది." పీటీహెచ్ అంటే రక్తంలో కాల్షియం తగ్గితే థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోన్. ఆస్టియోక్లాస్టు అంటే ఎముకను కరిగించే కణం. ఆ వాక్యం తప్పు, ఆ తప్పులో సగం నాదే. "పీటీహెచ్ ఆస్టియోక్లాస్టులను ఉసిగొల్పుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఈసారి విటమిన్ డి చెబుతానన్నాను కానీ ముందు ఈ ముడి విప్పాలి.

పీటీహెచ్‌ను అందుకునే రిసెప్టర్ ఎముకను కట్టే కణమైన ఆస్టియోబ్లాస్టు మీద, ఎముకలో పాతుకుపోయిన ఆస్టియోసైటు అనే కణం మీద ఉంటుంది. అంటే కూల్చమనే కబురు వెళ్లేది కట్టే మేస్త్రికే. కూల్చే కూలీని, అంటే ఆస్టియోక్లాస్టును, పిలిచేది ఆ మేస్త్రి. ఎలా పిలుస్తాడు? ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్‌ను పెంచుతాడు. దాన్ని దారిలోనే పట్టేసే ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రొటీన్‌ను తగ్గిస్తాడు. ఆస్టియోక్లాస్టు కాబోయే కణాల మీద ర్యాంక్ అనే రిసెప్టర్ ఉంటుంది. ర్యాంక్‌ఎల్ వచ్చి దానికి తగిలితేనే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, బోలెడు కేంద్రకాలున్న పెద్ద కణం తయారవుతుంది. అది బోర్లించిన గిన్నెలా ఎముకకు అంచులు అతికించుకుని, కింద ఉన్న జాగాలోకి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరుగుతుంది. మిగిలిన కొల్లాజెన్ ప్రొటీన్‌ను కాథెప్సిన్ కె అనే ఎంజైమ్ తెగ్గోస్తుంది.

"ఎవరి ద్వారా అయితేనేం, కరిగింది కదా" అంటారేమో. అలా అనుకుంటే టెరిపరటైడ్ అనే ఎముకల మందు దగ్గర బోల్తా పడతారు. అది పీటీహెచ్‌లోని మొదటి 34 అమైనో ఆమ్లాలే. రోజుకు ఒక్కసారి 20 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తే ఎముక పెరుగుతుంది! కబురు రోజుకోసారి తట్టి వెళ్లిపోతే మేస్త్రి కట్టడమే ఎక్కువ చేస్తాడు. రోజంతా తలుపు బాదుతూనే ఉంటే కూలీలను దింపుతాడు. కబురు నేరుగా ఆస్టియోక్లాస్టుకే అందేదైతే ఈ తేడాకు తావే లేదు. ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాములు ఇచ్చే డెనోసుమాబ్ అనే ఎముకల మందు అడ్డుకునేదీ ర్యాంక్‌ఎల్‌నే, పీటీహెచ్‌ను కాదు.

ఇంకో మెలిక. కొత్త ఆస్టియోక్లాస్టులు తయారవడానికి రోజులు పడుతుంది. కాల్షియం కాస్త తగ్గగానే నిమిషాల్లో స్పందించేది కిడ్నీ. అక్కడ పీటీహెచ్ మూత్రంలోకి పోయే కాల్షియంను వెనక్కి లాగుతుంది, ఫాస్ఫేటును బయటికి తోస్తుంది, విటమిన్ డిని చురుకైన రూపానికి మారుస్తుంది. విటమిన్ డి తయారయ్యే ఎండ, కాలేయం, కిడ్నీ వరస స్కూలు పుస్తకంలోదే కాబట్టి వదిలేస్తున్నాను. కాల్షియంను తగ్గించే థైరాయిడ్ హార్మోన్ కాల్సిటోనిన్‌కు ఒక్క వాక్యం చాలు: థైరాయిడ్ మొత్తం తీసేసి అది లేకుండా పోయినా పెద్దవాళ్లలో కాల్షియం అదుపు తప్పదు.

రక్తపరీక్ష రిపోర్టు చేతికొస్తే నేనైతే కాల్షియం తర్వాత చూసేది ఫాస్ఫరస్ (రిపోర్టులో ఫాస్ఫేటుకు రాసే పేరు). ఎముక కరిగితే రెండూ వస్తాయి. విటమిన్ డి పేగు నుంచి రెండింటినీ లాగుతుంది. ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేది పీటీహెచ్. అందుకే కిడ్నీ బాగున్న మనిషిలో కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ తక్కువగా ఉంటే పీటీహెచ్ గట్టిగా పనిచేస్తోందని ఫలితం రాకముందే ఊహించవచ్చు.

అల్బుమిన్ చూడకుండా మాత్రం కాల్షియం గురించి మాట్లాడకండి. రక్తంలోని కాల్షియంలో దాదాపు 40 శాతం ప్రొటీన్లకు, ముఖ్యంగా అల్బుమిన్‌కు అంటుకుని ఉంటుంది. పారాథైరాయిడ్ గ్రంథులు పసిగట్టేది విడిగా తిరిగే అయనీకృత కాల్షియంనే. అల్బుమిన్ (డెసిలీటరుకు గ్రాముల్లో) 4 నుంచి ఒక్కో గ్రాము తగ్గినకొద్దీ కాల్షియానికి 0.8 మిల్లీగ్రాములు కలపండి. ఇది అంచనా లెక్క మాత్రమే. అనుమానముంటే అయనీకృత కాల్షియం కొలిపించాల్సిందే.

అభ్యాసం ఈసారి కాస్త గట్టిది. మామూలు హద్దులు: కాల్షియం 8.5–10.5, ఫాస్ఫరస్ 2.5–4.5 (మిల్లీగ్రాములు, డెసిలీటరుకు), పీటీహెచ్ 15–65 (పికోగ్రాములు, మిల్లీలీటరుకు). చెప్పని చోట అల్బుమిన్ 4 అనుకోండి.

ఒకటి: కాల్షియం 7.6, అల్బుమిన్ 2.5, ఫాస్ఫరస్ 3.6, పీటీహెచ్ 40.
రెండు: కాల్షియం 7.4, ఫాస్ఫరస్ 2.0, పీటీహెచ్ 160.
మూడు: కాల్షియం 7.0, ఫాస్ఫరస్ 6.1, పీటీహెచ్ 5. థైరాయిడ్ ఆపరేషన్ అయి మూడు వారాలు.
నాలుగు: కాల్షియం 7.3, ఫాస్ఫరస్ 6.8, పీటీహెచ్ 420, క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగేది) 6.
ఐదు: కాల్షియం 3.9, పొటాషియం 9.4. మనిషి నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ప్రతి దానికీ పీటీహెచ్ చేయాల్సిన పని చేస్తోందా, చేయకపోతే ఎక్కడ ఆగింది, ఫాస్ఫరస్ ఎందుకలా ఉంది అనేవి విడివిడిగా రాయండి. నాలుగోదానిలో పీటీహెచ్ అంతుండీ ఫాస్ఫరస్ ఎందుకు దిగలేదో చెప్పకపోతే జవాబు సగమే. ఐదోదానికి రోగం పేరు వెతికే ముందు, రక్తం గడ్డకట్టకుండా ఊదా మూత ట్యూబులో వేసే ఈడీటీఏ పొటాషియం లవణం కాల్షియంను ఏం చేస్తుందో ఆలోచించండి.