ఇంటి వైఫై మరమ్మతు – 3వ పాఠం: పేరు కనిపిస్తోంది, కనెక్ట్ అవట్లేదు

మొదటి పాఠంలో రౌటర్ లైట్లు చదవడం నేర్చుకున్నాం. పాన్ (పీఓఎన్) అని రాసి ఉన్న లైటు నిలకడగా వెలుగుతూ, ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు ఆరిపోయి ఉంటే ఫైబర్ లైను బాగున్నట్టే. రెండో పాఠంలో లాప్‌టాప్‌లో మన వైఫై పేరే కనిపించకపోతే ఏం చూడాలో చెప్పుకున్నాం. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు అందుకోలేని పాత వైఫై కార్డుకు (లాప్‌టాప్‌లో వైఫై పట్టే భాగం), చివర 5జీ అని ఉండే పేరు ఎంత దగ్గర కూర్చున్నా కనిపించదనీ, ఆ 5జీకీ మొబైల్ 5జీకీ సంబంధమే లేదనీ అక్కడే చూశాం. ఆ రెండు పాఠాలూ చదవనివాళ్లు కూడా ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఈసారి పేరు కనిపిస్తోంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. క్లిక్ చేస్తే కాసేపు చుక్కలు తిరిగి ఆగిపోతుంది. లేదా కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. బయటికి ఒకేలా అనిపించినా ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఏదో తేల్చుకోకుండా చేతికందిన సెట్టింగల్లా మార్చేస్తే, ఒక్క తప్పు ఉన్నచోట మూడు తయారవుతాయి. అందుకే ఈ పాఠం మొత్తంలో నేను పట్టుబట్టేది ఒక్కటే: ముందు ఎక్కడ ఆగిందో చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

మొదటి పని ఫోన్‌తో. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైకి కలిపి ఏదైనా సైటు తెరవండి. డేటా ఆపడం మర్చిపోవద్దు. వైఫై పనిచేయకపోతే ఫోన్ చప్పుడు చేయకుండా డేటాకి మారిపోయి, వైఫై బాగానే ఉందని మనల్ని నమ్మిస్తుంది. ఫోన్‌లో నెట్ వస్తే రౌటర్ మీద అనుమానం చాలావరకు తీరినట్టే, ఇక లాప్‌టాప్ దగ్గర కూర్చోవచ్చు.

మొదటి మెట్టు: పాస్‌వర్డ్

'కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్' అని వచ్చినా, పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతున్నా లాప్‌టాప్ ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నట్టు. పాస్‌వర్డ్ పెట్టె పక్కన కంటి బొమ్మ ఉంటే అది నొక్కి, టైప్ చేసినది కళ్లారా చూసుకోండి. క్యాప్స్ లాక్ పడి ఉండొచ్చు. పాత చిన్న లాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే కొన్ని అక్షరాల బదులు అంకెలు పడతాయి. రౌటర్ స్టిక్కర్ మీద సాధారణంగా రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, ఒకటి వైఫైది, ఇంకొకటి రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడానికి. చాలామంది రెండోది కొట్టి తిప్పలు పడతారు. వైఫై పాస్‌వర్డ్‌కు కనీసం 8 అక్షరాలు ఉండాలి కాబట్టి, అడ్మిన్ లాంటి పొట్టి మాట కనిపిస్తే అది వైఫైది కాదు.

ఇంట్లో ఎవరైనా పాస్‌వర్డ్ మార్చి ఉంటే లాప్‌టాప్ ఇంకా పాతదే పంపుతూ ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ వరకు వెళ్లి, మన పేరు పక్కన ఫర్గెట్ నొక్కి, కొత్తగా కలపండి. ఈ ఒక్క పనితోనే బాగుపడే కేసులు చాలా ఉంటాయి.

పాస్‌వర్డ్ నూటికి నూరుపాళ్లూ సరైనదే, ఫోన్లన్నీ కలుస్తున్నాయి, పాత లాప్‌టాప్ ఒక్కటే కలవట్లేదు అంటే సెక్యూరిటీ రకం, అంటే వైఫైకి ఏ రక్షణ పద్ధతి పెట్టారో చూడాలి. డబ్ల్యూపీఏ2 2004లో వచ్చింది, డబ్ల్యూపీఏ3 2018లో. కొత్త రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే, అది తెలియని పాత కార్డుకు పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా లోపలికి దారి ఉండదు. విండోస్ 10కి కూడా ఇది 2019లో వచ్చిన వెర్షన్ నుంచే తెలుసు. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వైర్‌లెస్ సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక పెడితే సరిపోతుంది. అంతే కానీ పని జరిగితే చాలని పాస్‌వర్డే లేని ఓపెన్‌లోనో, డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతిలోనో పెట్టొద్దు. డబ్ల్యూఈపీని బద్దలుకొట్టే పద్ధతి 2001లోనే బయటపడింది.

రెండో మెట్టు: అడ్రస్

కనెక్ట్ అయింది, కింద మాత్రం 'నో ఇంటర్నెట్, సెక్యూర్డ్' అని ఉంది. జనం ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే, నిజానికి తేలిగ్గా కనిపెట్టగలిగేదీ ఇక్కడే. అందుకని కాస్త నిదానంగా వెళ్దాం.

పాస్‌వర్డ్ సరిపోయాక లాప్‌టాప్‌కు ఒక ఐపీ అడ్రస్ కావాలి. తిరుమలలో సీఆర్‌ఓ ఆఫీసులో గది కేటాయించినట్టు, రౌటర్ తన దగ్గరకు వచ్చిన ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇస్తుంది, దానికి గడువూ పెడుతుంది. గడువు పొడిగించుకోకపోతే ఆ నంబరు ఇంకొకరికి వెళ్లొచ్చు. ఈ కేటాయింపు పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు. మన లాప్‌టాప్‌కు నంబరు దొరికిందో లేదో చూడాలంటే స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఆ నల్ల కిటికీలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ అని, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చాలా వరుసలు వస్తాయి, బెదిరిపోవద్దు. 'వైర్‌లెస్ లాన్ అడాప్టర్ వైఫై' అన్న శీర్షిక వెతికి, దాని కింద వరుసలు మాత్రమే చదవండి.

అంతా బాగుంటే ఐపీవీ4 అడ్రస్ 192.168.1.7 లాగా, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, డిఫాల్ట్ గేట్‌వే 192.168.1.1 అని ఉంటాయి. గేట్‌వే అంటే రౌటరే. అది కొన్ని ఇళ్లలో 192.168.0.1, జియో ఫైబర్‌లో అయితే 192.168.29.1. అంకెలు ఏవైనా, అడ్రస్‌లో మొదటి మూడు భాగాలు గేట్‌వేతో కలవాలి.

జబ్బు ఉంటే దృశ్యం మారిపోతుంది. 'ఆటోకాన్ఫిగరేషన్ ఐపీవీ4 అడ్రస్' అన్న మాట, పక్కన 169.254తో మొదలయ్యే అంకెలు, మాస్క్ 255.255.0.0, గేట్‌వే దగ్గర ఖాళీ. ఈ 169.254 కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే. లాప్‌టాప్ అడిగింది, రౌటర్ నుంచి జవాబు రాలేదు, విసిగిపోయి తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. ఇలాంటి సందర్భాల కోసమే ఈ వరుసను ప్రత్యేకంగా కేటాయించారు. ఆ నంబరుతో ఇంటర్నెట్‌లోకి వెళ్లడం కుదరదు. శీర్షిక కింద 'మీడియా డిస్‌కనెక్టెడ్' అని ఉంటే మాత్రం మొదటి మెట్టే దాటలేదు, వెనక్కి వెళ్లండి.

169.254 కనిపిస్తే మళ్లీ అడిగించాలి. అదే కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఒక ఖాళీ, స్లాష్ గుర్తు, దానికి ఆనుకుని రిలీజ్. తర్వాత అలాగే రెన్యూ. రెన్యూ కాస్త ఆలస్యం చేస్తుంది, ఆగండి. కొత్త అడ్రస్ వస్తే పని అయినట్టే. డీహెచ్‌సీపీ సర్వర్ దొరకలేదని మొరాయిస్తే రౌటర్‌ను స్విచ్ దగ్గర ఆపి, ఓ అర నిమిషం ఆగి వేయండి, లైట్లన్నీ కుదురుకున్నాక మళ్లీ రెన్యూ చేయండి. కరెంటు పోయి వచ్చిన తర్వాత మొదలైన తంటా అయితే తరచుగా ఇక్కడితో తీరిపోతుంది.

169.254 లేదు, వేరే అడ్రసే ఉంది, కానీ అది ఇంట్లో ఫోన్ల అడ్రస్‌తో పొంతన లేకుండా ఉందా? ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే దాని ఐపీ అడ్రస్ కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్‌కు 192.168.1.5, లాప్‌టాప్‌కు 10.20.4.18 అని ఉంటే ఎవరో చేత్తో పెట్టిన నంబరు కావచ్చు. ఆఫీసులో పెట్టిన అడ్రస్‌తోనే లాప్‌టాప్‌లు ఇంటికి వస్తే ఇలాగే ఆఫీసులో నెట్ వస్తుంది, ఇంట్లో రాదు. వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అసైన్‌మెంట్ మాన్యువల్ అని ఉంటే ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ డీహెచ్‌సీపీకి మార్చండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే మార్చే ముందు పాత అంకెలు రాసిపెట్టుకోండి, సోమవారం మళ్లీ కావాలి.

పైగదికి సిగ్నల్ అందట్లేదని రెండో రౌటర్ తెచ్చి కేబుల్‌తో కలిపిన ఇళ్లలో మరో చిక్కు వస్తుంది. రెండూ నంబర్లు పంచడం మొదలుపెడితే ఎవరికి ఏ నంబరు వస్తుందో చెప్పలేం, ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే నంబర్లు పంచకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చేలా పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దానిలో డీహెచ్‌సీపీ ఆపి, దానికి గేట్‌వేది కాని వేరే అడ్రస్ ఇవ్వండి.

ఇవేవీ పనిచేయకపోతేనే విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్. అది నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది, దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, వీపీఎన్ ఉంటే దాన్నీ మళ్లీ పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకుని చేయండి.

రౌటర్ వెనక ఉండే సన్నటి రీసెట్ రంధ్రం జోలికి మాత్రం వెళ్లొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. అక్కడ పిన్నుతో నొక్కి పట్టుకుంటే, కనెక్షన్ ఇచ్చినప్పుడు టెక్నీషియన్ పెట్టిన లాగిన్ వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పటిదాకా ఒక్క లాప్‌టాప్‌కే రాని నెట్, ఇంటిల్లిపాదికీ ఆగిపోతుంది.

అభ్యాసం: నెట్ బాగా పనిచేస్తున్న ఈ రోజే ఐపీకాన్ఫిగ్ కొట్టి మీ అడ్రస్, మాస్క్, గేట్‌వే ఒక కాగితం మీద రాసుకోండి, రౌటర్ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ గేట్‌వే అంకెలు ఇచ్చి చూడండి. నాలుగు జవాబులు వస్తే, ఇంటర్నెట్‌లో గూగుల్ నడిపే సర్వర్ అడ్రస్ 8.8.8.8తో మళ్లీ చేయండి. రెండింటికీ జవాబు వస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే ఆ సంగతి డీఎన్‌ఎస్‌ది (సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే ఏర్పాటు), నాలుగో పాఠం దానిమీదే.