ఆర్సీ కారుకు బ్రష్‌లెస్ మోటారు ఎలా అమర్చాలి?

ఆర్సీ (రిమోట్‌తో నడిచే) కారు వేగం చాలదనిపించగానే అందరూ మొదట చూసేది మోటారు మీది కేవీ అంకె. ఒక వోల్టుకు, బరువు పడనప్పుడు, మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది. 3300 కేవీ మోటారు 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో 24,000 చుట్లు దాటుతుంది. కానీ చెన్నై ఎండలో మోటారు నాలుగు కాలాలు మన్నాలంటే కేవీ కన్నా పినియన్ గేరు (మోటారు షాఫ్టుకు బిగించే చిన్న పళ్లచక్రం) ఎంపికే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

1/10 సైజు (అసలు కారులో పదో వంతు) కార్లలో సాధారణంగా 540 సైజు బ్రష్డ్ (కార్బన్ బ్రష్‌లతో కరెంటు అందే) మోటారు ఉంటుంది. దాని చోట 3650 సైజు బ్రష్‌లెస్ మోటారు సరిపోతుంది. 36 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవు అని ఆ అంకెకు అర్థం. షాఫ్టు 3.175 మి.మీ. ఉన్నదే కొనండి, 5 మి.మీ. షాఫ్టుకు పాత పినియన్ ఎక్కదు. పాత ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) దీన్ని నడపలేదు కాబట్టి బ్రష్‌లెస్ ఈఎస్సీ కూడా తప్పనిసరి. రెండూ కలిపి అమ్మే సెట్టు తీసుకుంటే చిక్కు ఉండదు.

ముందుగా బ్యాటరీ తీసి, పాత మోటారు విప్పండి. కొత్తదాన్ని బిగించేటప్పుడు స్క్రూ పొడవు చూసుకోండి. అది లోపలి రాగి చుట్టలకు తగిలితే మోటారు పాడైపోతుంది.

తర్వాత పినియన్. పాతదానికన్నా రెండు మూడు పళ్లు తక్కువున్నది ఎంచుకోండి. 48 పిచ్, 0.6 మాడ్యూల్ (ఇవి పళ్ల సైజు కొలతలు) గేర్లు చూపుకు ఒకేలా ఉంటాయి గానీ ఒకదానితో ఒకటి కలవవు. స్పర్ గేరు (పినియన్ తిప్పే పెద్ద పళ్లచక్రం) ఏ రకమో పినియన్ కూడా అదే కావాలి. పినియన్ స్క్రూ షాఫ్టు మీది చదునైన భాగంపై కూర్చోవాలి. దానికి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఇక రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరకు నొక్కి బిగించి, కాగితం లాగేయండి. చేత్తో తిప్పితే గేర్లు కొద్దిపాటి వదులుతో, ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఈ పనికి తొందర పనికిరాదు. ఇక్కడ బిగుతు ఎక్కువైతే వేడి, వదులు ఎక్కువైతే అరిగిపోయిన పళ్లు.

మోటారు మూడు తీగలను ఈఎస్సీకి కలపండి. చక్రాలు వెనక్కి తిరిగితే, సెన్సరు లేని మోటారులో ఏ రెండు తీగలను తారుమారు చేసినా సరిపోతుంది. బ్యాటరీ తీగలు మాత్రం తారుమారైతే ఈఎస్సీ కాలిపోతుంది. పాత తెల్ల ప్లాస్టిక్ కనెక్టరు ఎక్కువ కరెంటుకు వేడెక్కుతుంది. దాని బదులు ఎక్స్‌టీ60 లేదా టీ-ప్లగ్ కనెక్టరు సోల్డరింగ్ చేయించుకోండి. సోల్డరింగ్ సామాను చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీటులో దొరుకుతుంది.

చక్రాలు నేలకు తగలకుండా కారును ఎత్తి పెట్టి, మాన్యువల్ ప్రకారం ఈఎస్సీకి ట్రాన్స్‌మిటర్ థ్రాటిల్ హద్దులు నేర్పండి. బ్యాటరీ రకం లైపో అని పెట్టడం మరవకండి. లేకపోతే సెల్ వోల్టేజీ బాగా పడిపోయినా కారు ఆగదు, బ్యాటరీ చెడిపోతుంది.

మొదటి పరుగు మూడు నిమిషాలు చాలు. ఆపిన వెంటనే టెంపరేచర్ గన్‌తో మోటారు వేడి చూడండి. 80 డిగ్రీలు దాటితే ఒక పన్ను తక్కువున్న పినియన్ వేయండి. వేడి మితిమీరితే లోపలి అయస్కాంతం శక్తి తగ్గిపోతుంది, ఆ శక్తి మళ్లీ రాదు. డిసెంబరులో 70 దగ్గర ఆగిన మోటారు మే నెల మధ్యాహ్నం అదే నేల మీద 80 దాటవచ్చు. అందుకే ఎండాకాలం మొదలవగానే మరోసారి కొలిచి చూడండి.