ధర్మసాగర్ మొరం బాట నుంచి టస్కనీ తెల్ల దారులకు

ఇటలీ పల్లెల్లో సైకిల్ తొక్కాలనుకుంటే ముందు మ్యాప్‌లో రోడ్డు నంబర్ చూడండి. ‘ఎస్‌ఎస్’ అంటే పెద్ద రోడ్డు, వదిలేయండి. ‘ఎస్‌పీ’ అంటే జిల్లా రోడ్డు, మనకు కావాల్సింది ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. టస్కనీ ప్రాంతంలోని గయోలే ఇన్ కియాంటీ ఊరి నుంచి మొదలయ్యే 209 కిలోమీటర్ల ఎరోయికా సైకిల్ దారికి ఏడాదంతా బోర్డులుంటాయి. ఒక్కరోజులో ముగించాలని చూడకండి, మూడు నాలుగు రోజులకు పంచుకోండి.

ఆ దారిలో తారు లేని తెల్ల కంకర బాటలు చాలా వస్తాయి. ఇక్కడే ప్రాక్టీస్ చేసి పోవాలి. నేను హన్మకొండ నుంచి పొద్దున్నే ధర్మసాగర్ చెరువు వైపు పోయి మొరం బాట మీద నేర్చుకున్నా. టైర్‌లో గాలి కొద్దిగా తగ్గించాలి, బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి పోవాలి. దిగుడులో నడుము వెనక్కి జరిపి, వెనుక బ్రేక్‌ను మెల్లగా పట్టాలి. ముందు బ్రేక్ ఒక్కసారిగా నొక్కితే చక్రం జారుతుంది. నా మోచేతి మీద మచ్చ అట్లా వచ్చిందే.

ఇటలీలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ఖాళీ రోడ్డులో మలుపు తిరగగానే అలవాటుగా ఎడమకు పోతాం, అదే అసలు టెన్షన్. హ్యాండిల్ కుడి పక్కన ఎర్ర టేపు చుట్టుకోండి.

మధ్యాహ్నం పల్లె దుకాణాలు చాలావరకు మూసేస్తారు. అందుకే స్టీల్ డబ్బాలో సకినాలు పెట్టుకోండి. కుళాయి మీద ‘నాన్ పొటాబిలే’ అని రాసుంటే ఆ నీళ్లు తాగొద్దు.