గేమ్‌లో పింగ్ ఎగురుతుంటే ప్లాన్ మార్చకముందే చూడాల్సినవి

స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తుంది, మ్యాచ్‌లో దిగగానే పింగ్ (మీ సిగ్నల్ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం) 30 మిల్లీసెకన్ల నుంచి 250కి ఎగురుతుంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటే బిల్లు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. బీజీఎంఐ, వాలరెంట్ లాంటివి ఆడేటప్పుడు మామూలుగా ఒక్క ఎంబీపీఎస్ కూడా ఖర్చు కాదు. ఆటకు కావాల్సింది చిన్న చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆగకుండా, దారిలో పోకుండా చేరడం. అవి ఎక్కడ ఆగుతున్నాయో ముందు పట్టుకోవాలి.

విండోస్‌లో సీఎండీని (కమాండ్ ప్రాంప్ట్) రెండుసార్లు తెరవండి. ఒకదాంట్లో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి రౌటర్ నంబర్, మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్, దాని పక్కనే 'టి' కొట్టండి. రౌటర్ నంబర్ చాలావరకు 192.168.1.1 ఉంటుంది, కాకపోతే ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపిస్తుంది. రెండోదాంట్లో అదే వరసలో రౌటర్ నంబర్ బదులు గూగుల్ సర్వర్ నంబర్ 8.8.8.8 పెట్టండి. రెండూ నడుస్తుండగానే గేమ్ ఆడి, ల్యాగ్ వచ్చిన క్షణంలో చూడండి. రౌటర్ పింగే 50, 100 దాటితే తప్పు వైఫైది. రౌటర్‌ది 1–3 దగ్గర కుదురుగా ఉండి 8.8.8.8 ఎగిరితే, ఇంట్లో ఎవరో లైన్ నింపేస్తున్నారు, లేదా బయట లైన్ బాగాలేదు. రెండూ బాగుండి గేమ్‌లో మాత్రమే ఎక్కువ చూపిస్తే సర్వర్ సంగతి.

వైఫై తప్పయితే మందు సులువు. హన్మకొండ నయీంనగర్ లాంటి హాస్టళ్ల గల్లీల్లో గదికో రౌటర్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఏది ఎంచుకున్నా అక్కడ జనం ఉంటారు. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, కానీ అది గోడలు దాటేటప్పుడు బలం కోల్పోతుంది. రౌటర్ అదే గదిలోనో, ఒక్క గోడ అవతలో ఉండాలి. పీసీకైతే క్యాట్ 6 ల్యాన్ కేబుల్ లాగితే గొడవే ఉండదు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఎనిమిది యాంటెన్నాల గేమింగ్ రౌటర్ కంటే ఆ తీగే మేలు.

ఎక్కువమంది కనిపెట్టలేనిది అప్‌లోడ్ గొడవ. అమ్మ ఫోన్ వైఫైకి తగలగానే పెళ్లి వీడియోలు గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతుంటాయి, లేదా వాకిట్లో క్లౌడ్ కెమెరా రోజంతా పంపుతుంటుంది. ఆ ముక్కలన్నీ రౌటర్‌లో బారులు తీరితే మీ ప్యాకెట్ ఆ బారు చివర్లో నిలబడుతుంది. పరీక్షించాలంటే పింగ్ నడుస్తుండగా ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. 20 కాస్తా 300 అయితే ఇదే జబ్బు. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (ఆ బారు పెరగకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండింటినీ కొలిచిన స్పీడ్‌లో 85–90 శాతానికి కట్టేయండి. 50 వస్తుంటే 43–45 పెట్టాలి. కొంచెం స్పీడ్ పోతుంది, పోనివ్వండి. నిండుగా వదిలితే బారు మీ చేతిలో లేని చోట, కంపెనీ పరికరాల్లో తయారవుతుంది. కంపెనీ ఇచ్చిన డబ్బాల్లో ఈ ఆప్షన్ ఉండటం అరుదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కే రౌటర్ కొని, డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మీ రౌటర్‌కే వదిలేసేలా) పెట్టించుకోవాలి. అదంతా వద్దనుకుంటే బ్యాకప్‌ను మీరు ఆడని సమయంలో పెట్టుకోవడమే.

ఎవరూ ఏమీ వాడకపోయినా 8.8.8.8 తడబడుతుంటే లైన్ చూడాలి. మన దగ్గర ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. గాలివానకు జారుతుంది, కోతులు పట్టి లాగుతాయి. బ్రౌజర్‌లో తెరిచే డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (డబ్బాకు అందే వెలుతురు బలం, డీబీఎంలో) చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 లోపు ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 కంటే కిందికి, అంటే మైనస్ 28, 29కి పడిపోతే ప్యాకెట్లు పోవడం మొదలవుతుంది. కిటికీ సందులో తీగ గట్టిగా మడతపడినా, పచ్చ కనెక్టర్ మొనకు దుమ్ము పట్టినా ఇలాగే అవుతుంది. ఆ మొనను వేలితో ముట్టొద్దు, కన్ను పెట్టి చూడొద్దు. "నెట్ స్లో ఉందన్నా" అంటే కేబుల్ అన్న డబ్బా ఆపి వేయమంటాడు. "ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 28 ఉంది, వందకు ఐదు ప్యాకెట్లు పోతున్నయ్ అన్నా" అనండి, స్క్రీన్‌షాట్ పంపండి.

ఇక సర్వర్. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై దాకా తీగ 1,000 కిలోమీటర్లు అనుకున్నా పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు. మధ్యలో పరికరాలు కలిపితే వరంగల్‌లో 25–40 వస్తే మంచిదే. ఎప్పుడూ 70, 80 ఉంటే గేమ్ సెట్టింగ్స్‌లో రీజియన్ సింగపూర్‌కు పోయిందేమో చూసి ముంబైకి మార్చండి.