విదేశాల్లో పాతకాలపు హోటల్లో ఒక్క రాత్రి ఉండాలంటే

సింగపూర్, పెనాంగ్, కొలంబో, హనోయ్, ఎక్కడికెళ్ళినా మనవాళ్ళు ముందు చూసేది దగ్గర్లో ఇండియన్ రెస్టారెంట్ ఉందా లేదా అని. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే అదే సుఖం, కాదనను. కానీ ట్రిప్ మొత్తంలో ఒక్క రాత్రి మాత్రం ఆ ఊళ్ళో వందేళ్ళు దాటిన హోటల్‌కి కేటాయించుకోండి, బడ్జెట్ కుదరకపోతే ఒక్క సాయంత్రమైనా అక్కడ కూర్చుని టీ తాగి రండి. ఆ ఎత్తైన సీలింగులు, పొడవాటి వరండాలు, తొందరపెట్టకుండా వడ్డించే మనుషులు, ఇవన్నీ ఎంత బావుంటాయో ఫొటోల్లో తెలీదు.

ముందు ఏ హోటల్ అనేది చూద్దాం. సింగపూర్ రాఫిల్స్ అందరికీ తెలిసిందే, 1887లో సార్కీస్ అన్నదమ్ములు అని ఆర్మీనియన్ జాతి వాళ్ళు పెట్టారు. అక్కడ అన్నీ సూట్లే (విడిగా కూర్చునే గది కూడా ఉండే పెద్ద రూములు), కాబట్టి రేటు మన జేబుకి చాలా ఎక్కువ. అదే అన్నదమ్ములు అంతకంటే ముందే మలేషియాలోని పెనాంగ్‌లో, 1885లో మొదలుపెట్టిన ఈస్టర్న్ అండ్ ఓరియెంటల్ ఉంది చూడండి, అది సముద్రం పక్కనే, రేటు మాత్రం రాఫిల్స్ కంటే చాలా తక్కువ. కొలంబోలో గాల్ ఫేస్ హోటల్ 1864 నాటిది, వియత్నాంలోని హనోయ్‌లో మెట్రోపోల్ 1901 నాటిది. మొదటిసారి అయితే నా ఓటు పెనాంగ్‌కి గానీ కొలంబోకి గానీ.

ఇప్పుడు అసలు విషయం, బుకింగ్ దగ్గర చాలామంది చూసుకోనిది. పాత హోటళ్ళలో చాలావాటికి పక్కనే కొత్త బిల్డింగ్ ఉంటుంది, పేరు ఒకటే, వెబ్‌సైట్ ఒకటే, కానీ మీకు వచ్చే రూమ్ కొత్త దాంట్లో అయితే అంత డబ్బు పెట్టి మామూలు ఫైవ్‌స్టార్ రూమ్‌లో పడుకున్నట్టే. పెనాంగ్‌లో హెరిటేజ్ వింగ్ అంటే పాతది, విక్టరీ అనెక్స్ 2013లో కట్టింది. హనోయ్‌లో మెట్రోపోల్ వింగ్ పాతది, ఒపేరా వింగ్ కొత్తది. రూమ్ పేరులో వింగ్ పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే బుక్ చేసేముందే హోటల్‌కి మెయిల్ పెట్టి అడగండి, రాతపూర్వకంగా ఉంటే చెక్ ఇన్ దగ్గర మాట్లాడటం తేలిక. పెద్దవాళ్ళు వస్తుంటే లిఫ్ట్ ఎక్కడుంది, రూమ్ వరకూ మెట్లున్నాయా అని కూడా అదే మెయిల్‌లో అడిగేయండి.

రేటు చూసేటప్పుడు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయా చూసుకోండి, సర్వీస్ చార్జ్, టాక్స్ దాని మీద వేరే అని అర్థం. సింగపూర్‌లో 10 శాతం సర్వీస్ చార్జ్ వేసి, ఆ మొత్తం మీద మళ్ళీ 9 శాతం జీఎస్టీ, అంటే మెనూలో 100 డాలర్లు ఉంటే బిల్లు 119.90 వస్తుంది. సర్వీస్ చార్జ్ బిల్లులోనే ఉంటుంది కాబట్టి అక్కడ టిప్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. మలేషియాలో ఫారినర్లకి రూముకి రాత్రికి 10 రింగిట్ల టూరిజం టాక్స్ వేరే ఉంటుంది. చెక్ ఇన్‌లో డిపాజిట్ అని కార్డు మీద కొంత హోల్డ్ పెడతారు, దానికి క్రెడిట్ కార్డే ఇవ్వండి, డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే ఆ డబ్బు తిరిగొచ్చేదాకా మీ చేతిలో ఉండదు, ట్రిప్ మధ్యలో ఇబ్బంది. బిల్లు కట్టేటప్పుడు రూపాయల్లోనా లోకల్ కరెన్సీలోనా అని మెషీన్ అడిగితే లోకల్ కరెన్సీ అనే చెప్పండి, రూపాయలంటే రేటు మీకు నష్టంగా వేస్తారు.

రాత్రి ఉండలేని వాళ్ళకి హైటీ బెస్ట్, అంటే సాయంత్రం టీతో పాటు శాండ్‌విచ్‌లు, కేకులు. రాఫిల్స్‌లో గెస్టులకి మాత్రమే అని బోర్డు పెట్టిన చోట్లకి బయటివాళ్ళని పంపరు, కానీ లాబీలో టీకి టేబుల్ బుక్ చేసుకుంటే హాయిగా ఆ మెయిన్ బిల్డింగ్‌లోనే కూర్చోవచ్చు. వీకెండ్ అయితే ముందే బుక్ చేసుకోండి. అదే హోటల్లో లాంగ్ బార్ వేరే ఉంది, సింగపూర్ స్లింగ్ అనే కాక్‌టెయిల్ పుట్టింది అక్కడే, వేరుశనక్కాయలు ఒలుచుకు తిని తొక్కలు నేల మీదే పడేయడం అక్కడి ఆనవాయితీ. కొలంబోలో అయితే సూర్యాస్తమయానికి అరగంట ముందే వెళ్ళి సముద్రం వైపు టేబుల్ తీసుకోండి, ఆ టైమ్‌కి బ్యాగ్‌పైప్ వాయిస్తూ జెండా దించుతారు, ఎదురుగా హిందూ మహాసముద్రం, ఆ ఒక్క గంటకే ఎంతిచ్చినా ఇవ్వచ్చు అనిపిస్తుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ నైరుతి రుతుపవనాల టైమ్, రేట్లు తగ్గొచ్చు కానీ మబ్బు పట్టి సూర్యుడు కనపడకపోవచ్చు.

వెజిటేరియన్లు టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి, వెళ్ళి కూర్చున్నాక కాదు. హైటీ శాండ్‌విచ్‌లలో సాల్మన్, గుడ్డు, చికెన్ మామూలే, ముందే చెప్తే మీకు వేరేగా చేసిస్తారు. గుడ్డు కూడా తినకపోతే అది విడిగా చెప్పండి, కేకుల్లో దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది, మూస్ లాంటి మెత్తని స్వీట్లలో జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) ఉందా అని కూడా అడగండి. శ్రీలంకలో పోల్ సంబోల్ చూడ్డానికి అచ్చం మన కొబ్బరి పచ్చడే, కానీ అందులో ఎండు చేప పొడి వేస్తారు, అది లేకుండా చేయమనండి. మలేషియాలో సంబల్‌లో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది, వియత్నాంలో కూరగాయల వేపుడులో కూడా ఫిష్ సాస్ పడుతుంది. శ్రీలంక బ్రేక్‌ఫాస్ట్‌లో అప్పాలు (మన తీపి అప్పాలు కాదు, హాపర్స్ అనే గిన్నె ఆకారపు అట్లు) వేడివేడిగా వేయించుకోండి, అవి మాత్రం అస్సలు మిస్ అవ్వద్దు.

బట్టల గురించి భయపడక్కర్లేదు. రాత్రి డిన్నర్‌కి షార్ట్స్, హవాయి చెప్పులు, చేతుల్లేని బనియన్లు వద్దు, అంతే. మంచి కాటన్ చీర, చుడీదార్, షర్ట్ ప్యాంట్, కుర్తా ఏదైనా చక్కగా నప్పుతుంది, కోటు కొనక్కర్లేదు. ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి అని మొహమాటపడి తినడం మానేయకండి, తెలీకపోతే వడ్డించేవాళ్ళనే అడగండి, సంతోషంగా చెప్తారు.

రూమ్ తీసుకుంటే ఆ రోజు బయట తిరగడాలు పెట్టుకోవద్దు, చెక్ ఇన్ టైమ్‌కే వెళ్ళిపోయి హోటల్ అంతా నెమ్మదిగా తిరగండి, చరిత్ర చెప్పే టూర్ ఉందా అని రిసెప్షన్‌లో అడగండి. హనోయ్ మెట్రోపోల్‌లో గెస్టులని కిందున్న బంకర్‌లోకి తీసుకెళ్తారు, అమెరికా బాంబులు వేసిన రోజుల్లో గెస్టులు దాక్కున్నది, ఆ తర్వాత మూసుకుపోయి మళ్ళీ 2011లో బయటపడింది. దానికి స్లాట్ చెక్ ఇన్‌లోనే చెప్పి పెట్టుకోండి. ఆ ఒక్క రాత్రిని ట్రిప్ చివర్లో పెట్టుకుంటే ఇంకో లాభం, చెక్ అవుట్ అయ్యాక కూడా లగేజ్ వాళ్ళ దగ్గరే పెట్టించి, ఫ్లైట్ టైమ్ దాకా వరండాలో కూర్చోవచ్చు.