పికప్ మరమ్మతు మనమే నేర్చుకుందాం – 6వ పాఠం: ఇంజిన్ ఎందుకు హీటెక్కుతోంది?

ఈ పాఠం ఫ్యాన్‌తో మొదలవ్వాలి. కానీ కిందటి పాఠం చదివి కూలెంట్ మార్చుకున్న చాలామంది ఒకే మాట అడుగుతున్నారు: "మార్చకముందు హీట్ మీటర్ ముల్లు సగంలో ఉండేది. ఇప్పుడు ఎర్రగీత దాకా పోయి, దానంతటదే దిగుతోంది. ఏం చెడింది?" ఏమీ చెడలేదు. లోపల ఎయిర్ లాక్ అయింది, అంటే కూలెంట్ తిరిగే దారిలో గాలి చిక్కుకుంది. అది తీయకపోతే ఈ పాఠంలో ఏ పరీక్ష చేసినా తప్పు జవాబే వస్తుంది.

రేడియేటర్ మూతి దాకా కూలెంట్ కనిపించినంత మాత్రాన ఇంజిన్ నిండినట్టు కాదు. ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది. దాని వెనక హెడ్‌లో, అంటే ఇంజిన్ పై భాగంలో, గాలి నిలిచిపోతుంది. హీట్ సెన్సర్ గాలిలో ఉంటే ముల్లు తక్కువ చూపిస్తుంది, ఆవిరి తగిలితే ఒక్కసారిగా లేస్తుంది. డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ళ శబ్దం వినిపించినా ఇదే కారణం.

తెల్లవారుజామున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ముందు చక్రాలను కాస్త ఎత్తు మీదికి ఎక్కించండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టండి. బండికి హీటర్ ఉంటే ఫుల్ వేడిలో పెట్టండి. నేనైతే లీటరు నీళ్ళ సీసా అడుగు కోసి, తలకిందులుగా రేడియేటర్ మూతిలో బిగించి, అందులో సగం దాకా కూలెంట్ పోస్తాను. కొన్న గరాటు కంటే ఇదే నయం, బుడగలు కళ్ళకు కనిపిస్తాయి. స్టార్ట్ చేసి స్లోలో వదిలేయండి. వాల్వ్ తెరుచుకోగానే సీసాలో మట్టం దిగుతుంది. పోస్తూ, గుడ్డ పట్టుకుని రేడియేటర్ పై హోస్‌ను నాలుగైదు సార్లు నొక్కండి. ముఖం మాత్రం సీసా మీదికి వంచకండి, ఒక్కోసారి పైకి చిమ్ముతుంది. బుడగలు ఆగాక మూత బిగించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడండి.

ఎంతసేపటికీ బుడగలు ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేస్తే ఇంకా ఎక్కువైతే అది ఎయిర్ లాక్ కాదు. హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి, మండిన గాలి కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ తగ్గకపోయినా, ఆయిల్ పాలు కలిసినట్టు మారినా ఆ అనుమానం బలపడుతుంది. అలాంటి బండిని ఆటోనగర్ దాకా కూడా నడుపుకుంటూ పోవద్దు, టోయింగ్ చేయించండి.

ఇక అసలు పాఠం. ఏ పార్టూ విప్పకముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ముల్లు ఎక్కడ లేస్తోంది?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచి, కృష్ణ మీది వారధి ఎక్కి కదలగానే దిగితే రేడియేటర్‌కు గాలి చాలడం లేదు. అంటే ఫ్యాన్ చూడాలి. టాటా ఏస్ లాంటి చిన్న బండ్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడటం. ఇంజిన్‌తోనే తిరిగే, మధ్యలో ఫ్యాన్ క్లచ్ ఉండే విస్కస్ ఫ్యాన్ అయితే వేడి మీద ఇంజిన్ ఆపి, చేత్తో తిప్పండి. బిగువుగా తిరగాలి. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే ఆ ఫ్యాన్ క్లచ్ పోయింది.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) నిండా వేసుకుని హైవే ఎక్కాక లేస్తే, ఊళ్ళో ఖాళీగా తిరిగినప్పుడు మామూలుగా ఉంటే, కూలెంట్ సరిగా తిరగడం లేదు, లేదా రేడియేటర్ చోక్ అయింది. బోరు నీళ్ళు పోసిన బండ్లకు లోపల సున్నం గారలా పడుతుంది. ఇంజిన్ ఆపి రేడియేటర్ మీద అక్కడక్కడా చెయ్యి తాకించి చూస్తే చల్లటి మచ్చలు దొరుకుతాయి, అక్కడ గొట్టాలు మూసుకున్నాయి. రేజ్ చేసినప్పుడు కింద హోస్ లోపలికి పీల్చుకుని చదునైతే ఆ హోస్ మార్చాలి. వాటర్ పంప్ కింద చిన్న కన్నం నుంచి చెమ్మ కారుతుంటే పంప్ సీల్ అయిపోయింది. వెనక డ్రమ్ములు కూడా తాకి చూడండి. బ్రేకులు పట్టేసి ఉన్నా ఇంజిన్ మీద లోడు పడుతుంది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే సంగతి. "మన ఎండలకు థర్మోస్టాట్ వాల్వ్ ఎందుకు, పీకేయండి" అనే సలహా. దయచేసి వినకండి. వాల్వ్‌లో మైనం ఉంటుంది. దాని మీద 82 అని ఉంటే, 82 డిగ్రీల దగ్గర ఆ మైనం కరిగి ఉబ్బి తలుపు తెరవడం మొదలుపెడుతుంది. బయట 45 డిగ్రీలున్నా ఇంజిన్‌కు కావాల్సిన వేడి 80 పైనే. పీకేస్తే తేలిక లోడులో ఇంజిన్ చల్లగానే తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పడుతుంది. ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని అడుగు బిళ్ళ బైపాస్ దారిని మూస్తుంది. వాల్వ్ లేకపోతే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ వైపు పోకుండా తిరిగి ఇంజిన్‌లోకే వెళుతుంది. అంటే చల్లబడాలని పీకినది లోడు మీద హీటెక్కిస్తుంది! కొన్ని వందలతో పోయే వాల్వ్‌కు హెడ్ పని ఖర్చు తెచ్చుకోకండి.

వాల్వ్ బాగుందో లేదో చూడటం సులువు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పై హోస్ కాసేపు చల్లగా ఉండి, తర్వాత గబుక్కున వేడెక్కాలి. మొదటి నుంచే మెల్లగా వేడెక్కుతూ పోతే వాల్వ్ తెరిచి పట్టేసింది, లేదా ఎవరో పీకేశారు. ముల్లు పైకి పోయినా హోస్ చల్లగానే ఉంటే మూసుకుని పట్టేసింది.

అభ్యాసం: వాల్వ్ విప్పి దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్ళ గిన్నెలో వేలాడదీయండి. థర్మామీటర్ పెట్టి మరిగిస్తూ, ఎన్ని డిగ్రీల దగ్గర కదిలిందో, నీళ్ళు మరిగేలోపు పూర్తిగా తెరుచుకుందో రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి, పైన చెప్పినట్టు మళ్ళీ ఎయిర్ తీయాలి. ఆ తర్వాత వారం రోజులు రోజూ పొద్దున మట్టం, ఆ రోజు లోడు, ముల్లు ఎక్కడ లేచింది, అప్పుడు స్పీడెంత, ఈ నాలుగూ పుస్తకంలో ఎక్కించండి. రోజూ మట్టం తగ్గుతూ బయట తడి కనిపించకపోతే ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని 7వ పాఠం చదవండి. అందులో ప్రెషర్ టెస్టర్‌తో లీకు వెతుకుదాం.